సగం లడ్డూ

లిఫ్టు తలుపులు మూసుకున్నాక నా పంటి సందులో ఏలకు గింజ ఒకటి నాలుకకి తగిలింది. కొరికాను. అప్పుడు వెలిగింది నాకు, ఏం చేశానో.

మా వార్డు పేషెంటు చిలకమ్మ ఆ లిఫ్టులో స్ట్రెచర్ మీద మూడో అంతస్తులో ఉన్న ఆపరేషన్ థియేటర్‌కి వెళ్తోంది. ఆవిడ కేస్‌షీటుకి గుచ్చిన కాగితం మీద 'రాత్రి పది గంటల నుంచి ఏమీ తినలేదు, తాగలేదు' అనే వరుసకి ఎదురుగా ఒక టిక్కు ఉంది. ఆ టిక్కు నేను పెట్టాను. దాన్ని నమ్మి పుష్ప సిస్టర్ కింద సంతకం పెట్టింది. నిజానికి గంట క్రితమే చిలకమ్మ ఒక లడ్డూని రెండు ముక్కలు చేసి, సగం తన నోట్లో వేసుకుని, సగం నా చేతిలో పెట్టింది. ఆ సగం నేనూ తిన్నాను.

నేను నర్సింగ్ స్కూల్లో చేరి రెండు నెలలైంది. ఆసుపత్రి మేడ మీదే క్లాసులు, వెనకాలే హాస్టలు, తెల్లారితే వార్డు డ్యూటీ. మొదటి మూడు నెలలూ ప్రొబేషన్. అంటే పెద్ద తప్పు ఒక్కటి చేస్తే పెట్టె సర్దుకోవాలి. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి అప్పటికే సర్దుకుంది. డాక్టర్నవుతానని ద్వారకా నగర్ కోచింగ్ సెంటర్లో రెండేళ్ళు బెంచీలు అరగదీసి, ర్యాంకు రాక, చివరికి ఇక్కడ చేరాను. "మా సత్య నర్సవుతంది" అని మా నాన్న మల్కాపురంలో కనిపించిన వాళ్ళందరికీ చెప్పేశాడు. ఈ సీటు కూడా పోతే ఏ మొహం పెట్టుకుని ఆ వీధిలో నడవాలి?

తెలియక తిననిచ్చానా అంటే, అదీ కాదు. మత్తు ఇచ్చే ముందు కడుపు ఎందుకు ఖాళీగా ఉండాలో కిందటి వారమే క్లాసు పరీక్షలో అడిగారు. స్పృహ లేనప్పుడు కడుపులో ఉన్నది గొంతులోకి ఎగదన్ని, ఊపిరితిత్తుల్లోకి పోతుందని, మనిషి చనిపోవచ్చని బొమ్మతో సహా రాశాను. పదికి తొమ్మిది మార్కులు. కానీ చిలకమ్మ దిండు కింద నుంచి పొట్లం తీసి, "అప్పన్న పెసాదమే. నిన్న మా కోడలు సింహాచలం ఎల్లొచ్చింది. కళ్ళకద్దుకో" అన్నప్పుడు ఆ తొమ్మిది మార్కులూ ఏ గాలికి పోయాయో తెలీదు. ప్రసాదం ఇస్తుంటే వద్దనడం మా ఇంటా వంటా లేదు.

తర్వాత పది నిమిషాలకి ఆ కాగితం పట్టుకుని, "ఏటైనా తిన్నావా మామ్మా?" అని నేనే అడిగాను. "నేదే, పచ్చి మంచినీళ్ళు ముట్టనేదు" అంది. అబద్ధం చెబుతున్నానని ఆవిడా అనుకోలేదు, వింటున్నానని నేనూ అనుకోలేదు. ప్రసాదాన్ని తిండి కింద ఎవరు జమ కడతారు?

లిఫ్టు ముందు నిలబడి నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సగం లడ్డూ ఎంతని? ఈపాటికి అరిగిపోయుంటుంది. ఎవరూ చూడలేదు, ఆవిడా చెప్పదు. తప్పించుకోవాల్సి వచ్చేసరికి నా బుర్ర మహా చురుగ్గా పనిచేస్తుంది. ఆ చురుకు ఎనిమిదింటికి ఉండి ఉంటే బాగుండేది. ఇంతలో పరీక్ష కాగితం మీద గొంతు దగ్గర ఎర్ర పెన్సిల్‌తో నేను గీసిన బాణం గుర్తొచ్చింది. ఆ బొమ్మకి ఇప్పుడు చిలకమ్మ మొహం ఉంది. లిఫ్టు కోసం ఆగకుండా మెట్ల మీద పరుగెత్తాను.

థియేటర్ గుమ్మం దగ్గర స్ట్రెచర్ ఇంకా బయటే ఉంది. మత్తు ఇచ్చే డాక్టర్ గుణశేఖర్ గారు కాగితాలు తిరగేస్తున్నారు. పక్కన పుష్ప సిస్టర్. తల దగ్గర చిలకమ్మ కొడుకు అప్పలసూరి.

"ఆగండి సర్" అన్నాను. ఊపిరి అందడం లేదు. "ఈవిడ పొద్దున్న తిన్నాది సర్."

ముగ్గురూ ఒకేసారి నా వైపు తిరిగారు.

"ఏటి నువ్వనేది?" పుష్ప సిస్టర్ మొహం పాలిపోయింది. "టిక్కు ఎట్టింది నువ్వే కదే?"

డాక్టర్ గారు చిలకమ్మ మీదకి వంగారు. "ఏమ్మా, ఏమైనా తిన్నావా?"

చిలకమ్మ నన్ను చూసింది. ఆవిడకి పిత్తాశయంలో రాళ్ళు. మూడు నెలలుగా మెలికలు తిరిగిపోతోంది. షుగర్ ఎక్కువుందని ఒకసారి, దగ్గుందని ఒకసారి ఆపరేషన్ వాయిదా వేసి సొంతూరు సబ్బవరం పంపించేశారు.

"నేదు బాబూ. ఆ గుంట ఏటేటో వాగతంది. నాను తిన్నేదు." ఈసారి అది అబద్ధమని ఆవిడకి తెలుసు.

అప్పలసూరి గొంతు లేచింది. "రెండుసార్లు ఎనక్కి తోలీసినారు సార్. ఇప్పుడీ పిల్ల మాటిని మళ్ళీ ఆపేత్తారేటి? స్టీల్‌ప్లాంట్‌లో నాకు సెలవివ్వడమే గగనం. రేత్రంతా మాయమ్మ పక్కనే ఉన్నాను. పొద్దున్న ఒక్క పావుగంట టీకెల్లినాను, అంతే."

డాక్టర్ గారు నన్ను తేరిపార చూశారు. "పేషెంటు తినలేదంటోంది. కొడుకు తినలేదంటున్నాడు. తినలేదని నీ టిక్కే చెబుతోంది. ఇప్పుడొచ్చి తిందంటే ఏది నమ్మాలమ్మా?"

"ఫస్టియర్ పిల్ల సర్" అంది పుష్ప సిస్టర్, నా భుజం పట్టుకుని. ఆ వేళ్ళు గట్టిగా నొక్కాయి. "మొదటిసారి ఆపరేషన్ కేసు కదా, భయపడిపోయింది. సరిగ్గా సూసుండదు. అవునా శ్రీసత్యా?"

అవును అంటే చాలు. సిస్టర్ సంతకం నిలబడుతుంది, నా సీటు నిలబడుతుంది, అప్పలసూరి సెలవు దక్కుతుంది. అందరూ ఆ ఒక్క మాట కోసమే చూస్తున్నారు. చిలకమ్మ కూడా.

"సూడ్డం కాదు సర్" అన్నాను. "నానూ తిన్నాను. లడ్డూలో సగం ఆవిడ, సగం నాను. ఎనిమిదీ పదికి."

డ్యూటీలో, యూనిఫాంలో, పేషెంటు చేతి తిండి తినడం మా స్కూల్లో ఇంకో పెద్ద తప్పు. ఒకటి దాచుకుందామని వచ్చిన దాన్ని కాదు గానీ, రెండూ ఒప్పుకోవాల్సి వస్తుందనీ అనుకోలేదు. డాక్టర్ గారు జేబులోంచి పెన్ను తీసి కాగితం మీద అడ్డంగా రాశారు. "ఇవాళ కుదరదు. వార్డుకి తీసుకెళ్ళండి."

స్ట్రెచర్ తిరుగుతుంటే చిలకమ్మ నా మణికట్టు పట్టుకుంది. "నీకెట్టడం నాదే బుద్ధి తక్కువ" అని విసిరికొట్టింది. అప్పలసూరి లిఫ్టు దాకా తిడుతూనే ఉన్నాడు. పుష్ప సిస్టర్ తిట్టలేదు. "నిన్ను నమ్మి సంతకమెట్టినాను" అని మాత్రం అంది. మధ్యాహ్నానికల్లా ఆవిడకి మెమో వచ్చింది.

ప్రిన్సిపాల్ కనకరత్నం మేడమ్ నన్ను గంటసేపు నిలబెట్టారు. జరిగిందంతా ఒక్క ముక్క వదలకుండా రాయించారు. రాసింది రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశారు.

"నిన్ను పంపించెయ్యనా అని డాక్టర్ గారిని అడిగితే వద్దన్నారు" అన్నారు. "ప్రొబేషన్ ఇంకో మూడు నెలలు పొడిగిస్తున్నాను. రెండు వారాలు వార్డులో అడుగు పెట్టకు. ఇంకోసారి ఇలాంటిది జరిగితే నా దగ్గరికి రానక్కర్లేదు, నేరుగా ఇంటికెళ్ళిపో."

సీటు దక్కింది. గది బయటికొచ్చి గోడకి ఆనుకున్నాను. ఒళ్ళంతా తేలికైపోయింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నేను చాలా గొప్ప పని చేశాననిపించింది. నిజం చెప్పాను, ఒక ప్రాణం కాపాడాను, సీటూ నిలుపుకున్నాను. వార్డులో ఉండిపోయిన నా నోట్‌బుక్కు తెచ్చుకోవడానికి మేడమ్ ఐదు నిమిషాలిచ్చారు. ఆ ఊపులోనే వెళ్ళాను.

చిలకమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. అప్పలసూరి లేడు. "మామ్మా" అన్నాను. నోట్‌బుక్కు తీసుకుని వెళ్ళిపోబోతుంటే అడిగింది.

"లోనికెల్తే సచ్చిపోదునా?"

"ఏమో మామ్మా. ఏటీ అవకపోవచ్చు. పోయినా పోవచ్చు."

నెమ్మదిగా నా వైపు తిరిగింది. మొహంలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"అది నాకేటి తెలుసే? నీకు తెలుసు కదా" అంది. "నాను నోట్లో ఎట్టుకోకముందే సెప్పాల."

పొద్దుట్నించి ఎంతమంది ఎన్ని అన్నా ప్రతి మాటకీ మనసులో ఏదో ఒక జవాబు చెప్పుకుంటూనే ఉన్నాను. ఈ మాటకి దొరకలేదు. మంచం పక్కన నిలబడి, ఆవిడ చూస్తుండగానే, వెక్కి వెక్కి ఏడ్చాను.