చిన్న గుండు

మార్చి పన్నెండున టన్ను పొద్దున మూడు చెంచాల పెరుగు, ఒక ఉడికించిన గుడ్డు తిన్నాడు. మధ్యాహ్నం అరచేతి వెడల్పు చేపముక్క, రాత్రికి మళ్ళీ గుడ్డు. పెళ్ళిరోజు మర్చిపోయినా ఆ తేదీ మర్చిపోడు. మేస్త్రి మొదటిసారి "తొంభై నాలుగు" అన్నది ఆ రోజే. ఇవాళ మే ఇరవై ఎనిమిది. పదకొండు వారాలుగా ఆ అంకె కదల్లేదు.

ఇప్పుడు కూడా, షాపు తలుపు సగమే తెరిచి ఉండగా, అతను బస్తాలు తూచే పాత ఇనుప కాటా మీద గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాడు. చెప్పులు, తాళాలు, ఫోను, బెల్టు పక్కనున్న బల్ల మీద ఉన్నాయి. కడుపు దగ్గర చొక్కా కింద చర్మం ఖాళీ సంచిలా వేలాడుతోంది.

"ఊపిరి బిగబట్టకు. తూకం తగ్గదు," అన్నాడు వెనకనుంచి మేస్త్రి.

"బిగబట్టలేదండీ."

"ఇరవై ఏళ్ళు నా దగ్గర పనిచేసి నేర్చుకున్నది ఇదన్నమాట."

కాటాలు బాగుచేసే ఆ షాపులో ఒక నియమం ఉంది. కాటా ఎక్కినవాడు అంకె చదవకూడదు. చూద్దామని మెడ తిప్పితే చాలు, బరువు ఒక పక్కకి ఒరిగి తూకం చెడుతుంది. అందుకని ఎక్కినవాడు గోడని చూస్తాడు, ఇంకొకడు వెనక నిలబడి ఇత్తడి కడ్డీ మీద గుండ్లు జరుపుతాడు. పెద్ద గుండు పదుల గాట్లలో పడుతూ టక్, టక్ మంటుంది. టన్ను లెక్కపెట్టాడు. తొమ్మిది. ఆ తర్వాత చిన్న గుండు ఒకట్ల గీతల మీద చప్పుడు లేకుండా జారుతుంది. అసలు సంగతి అదే చెప్పాలి.

మేస్త్రి కడ్డీ కొసని చూపుడువేలితో తాకి, కాసేపు ఆగాడు.

"తొంభై నాలుగు. దిగు."

అతను దిగేలోపే గుండ్లు రెండూ సున్నాకి వెళ్ళిపోయాయి. అది మేస్త్రి పద్ధతి. తర్వాత గుడ్డముక్క తీసుకుని పాదాలు ఆనిన చోట రేకు తుడిచాడు.

టన్ను అని పేరు పెట్టింది మేస్త్రే. పద్నాలుగు నెలల కిందట ఇదే కాటా నూట నలభై ఏడు చూపించినప్పుడు, నవ్వకుండా ఊరుకున్నదీ ఆయనే. ఆ సాయంత్రమే టన్ను పొట్ట చిన్నది చేసే ఆపరేషనుకి ఒప్పుకున్నాడు. నేలలో అమర్చే పెద్ద కాటాల కిందికి దూరలేక, పైనుంచి స్పానర్లు అందించే పనికి మిగిలిపోయాడు అప్పటికి. ఆపరేషను తర్వాత కిలోలు ఆకుల్లా రాలాయి. మొదటిసారి కాటా కిందికి దూరి వెల్లకిలా పడుకున్న రోజు, అక్కడినుంచి బయటికి రావాలనిపించలేదు.

తర్వాత అంకె ఆగిపోయింది.

ఆగిన మూడో వారం రాత్రి గుడ్డు మానేశాడు. ఆరో వారం పగటి తిండి మానేశాడు. ఇప్పుడు పెరుగు, పల్చటి సూపు, అంతే. పొద్దున్నే దిండు మీది జుట్టు భార్య లేవకముందే ఏరేస్తున్నాడు. ఇంట్లో ఉన్న బరువు మిషన్ని, రోజుకి పదిసార్లు ఎక్కుతున్నాడని, భార్య ఎప్పుడో ఎవరికో ఇచ్చేసింది.

ఇవాళ ఆసుపత్రిలో చూపించుకోవాలి. అక్కడా తొంభై నాలుగే అయితే ఇక ఆ మెట్లు ఎక్కకూడదని, ఆపరేషనునుంచి తింటున్న చిన్న గిన్నె పారేసి అటక మీదున్న పాత కంచం దించుకోవాలని రాత్రే అనుకున్నాడు. భార్యకి చెప్పలేదు. ఆవిడ గుమ్మం దగ్గర డబ్బా చేతికిస్తూ, "రెండు గుడ్లు పెట్టానండీ. నమిలి నమిలి తినండి. రెండూ తినాలి," అంది. అతను తల ఊపాడు.

పది గంటలకి టీ వేళ, రోజూలాగే, ఆ డబ్బా మేస్త్రి ముందు పెట్టాడు.

"నాకు నిండిపోయిందండీ."

"పొట్ట కోయించుకున్నది నువ్వు, పెరుగుతున్నది నాది." మేస్త్రి గుడ్డు విరిచి నోట్లో వేసుకున్నాడు. "మీ ఆవిడకి చెప్పు, ఉప్పు కాస్త తగ్గించమని."

తిన్నాక కాటా కత్తికి, అంటే కడ్డీ ఆనే ఉక్కు అంచుకి, సాన పట్టడానికి కూర్చున్నాడు. ఆ పని ఆయన కళ్ళు మూసుకుని చేస్తాడని గొప్పగా చెప్పుకుంటారు. పని చీటీ వస్తే టన్నుకి అందిస్తాడు. "నా చేతులు నూనె. నువ్వు చదువు."

మధ్యాహ్నం ఆసుపత్రిలో డైటీషియన్ అమ్మాయి అతన్ని గాజుపలక లాంటి మిషన్ ఎక్కమంది. అంకెలు అతని కాళ్ళ ముందే ఎర్రగా వెలిగాయి. తొంభై ఒకటి.

"ఇది తప్పమ్మా," అన్నాడు.

"సార్?"

"మీ మిషన్ తప్పు. నేను కాటాలు బాగుచేసేవాణ్ణి. పొద్దున తూగాను. తొంభై నాలుగు."

"పోయిన వారమే తనిఖీ చేసి వెళ్ళారు సార్. కావాలంటే దిగి మళ్ళీ ఎక్కండి."

మళ్ళీ ఎక్కాడు. తొంభై ఒకటి. సంతోషం రాలేదు. చెంప మీద కొట్టినట్టయి అలాగే నిలబడిపోయాడు.

ఆ అమ్మాయి రక్తపరీక్ష కాగితం చూస్తోంది. ముఖంలో మెచ్చుకోలు లేదు. "కొన్ని వారాలు ఒకేచోట ఆగడం చాలామందికి జరుగుతుంది. దానంతటదే కదులుతుంది, మీకూ కదిలింది. కానీ ఇది చూడండి, మాంసకృత్తులు అడుగంటిపోయాయి. ఏం తింటున్నారు?"

"అన్నీ."

ఆమె అతని నుదుటి పైన పల్చబడిన చోటుకేసి చూసింది. మంచినీళ్ళ గ్లాసు అతని దగ్గరకి జరిపి, "అన్నీ అంటే ఏవేవి సార్?" అంది మెల్లగా.

అప్పుడు చెప్పాడు. ఇలాగే ఇంకో నెల సాగితే కళ్ళు తిరిగి పడిపోయిన అతన్ని కాటా కిందినుంచి మనుషులు లాక్కురావలసి వచ్చేదని ఆ అమ్మాయి అంది. "ఇవాళ్టినుంచి గుడ్లు. రెండు వారాల్లో రండి."

షాపుకి తిరిగొచ్చేసరికి అయిదున్నర. పనివాళ్ళు వెళ్ళిపోయారు. పెరట్లో మేస్త్రి చేతులు కడుక్కుంటున్న చప్పుడు. టన్ను మనసులో ఒకటే ఉంది: మన కాటా అబద్ధం చెప్పింది. చెడిందంటే చూడాలి. తూనికరాళ్ళు తెచ్చి రేకు మీద పేర్చాడు. ఇరవైవి నాలుగు, పదిది ఒకటి, కిలోది ఒకటి. తొంభై ఒకటి. ఒక్కొక్కటి ఎత్తుతుంటే కళ్ళు చీకట్లు కమ్మాయి. కాటాకీ గోడకీ మధ్య నిలబడి, చెయ్యి ఆనించి ఊపిరి తీసుకున్నాడు.

మేస్త్రి తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి కడ్డీ ముందు నిలబడ్డాడు.

"మళ్ళీ ఎక్కావా? పొద్దున చెప్పింది చాల్లేదూ?"

టన్ను నోరు తెరిచాడు. టక్, టక్ మని గాట్లు మొదలయ్యాయి. తొమ్మిది. చిన్న గుండు జారింది. చూపుడువేలు కడ్డీ కొస మీద వాలింది.

"తొంభై నాలుగు. దిగు."

టన్ను కిందికి చూసుకున్నాడు. అతని పాదాలు నేల మీదున్నాయి. రేకు మీద ఇనుము.

దిగినట్టు కాలితో నేల మీద చిన్న చప్పుడు చేశాడు.

"దిగానండీ."

ఆ గొంతు రావలసిన చోటినుంచి రాలేదు. గుండు వెనక్కి జరపబోయిన మేస్త్రి చెయ్యి ఆగిపోయింది. మెల్లగా ముందుకొచ్చి, రేకు మీద వెతికి, రాళ్ళని తాకింది. ఒక్కొక్కటే తడిమింది. చివర కిలోరాయి దగ్గర ఆగింది.

"నువ్వు ఎక్కలేదా?" అన్నాడు.

"లేదండీ."

ఆయన వెనక్కి జరిగి పెట్టె మీద కూర్చున్నాడు.

"ఎప్పటినుంచి?" అన్నాడు టన్ను.

"చలికాలంనుంచి. చూపు మధ్యలో మచ్చ, మెల్లగా పెద్దదైంది. నీ ముఖం చూస్తే చెవులే కనపడతాయి." మేస్త్రి నవ్వబోయాడు. "ఇక రాదన్నారు డాక్టర్లు. పదులు చెవికి తెలుస్తాయి. కడ్డీ నిలిచిందో లేదో వేలికి తెలుస్తుంది. చిన్న అంకె ఒక్కటే… దానికి కళ్ళు కావాలి. తగ్గిందని చెప్పి నీకు లేని ఆశ పెట్టలేను. పెరిగిందని ఏడిపించలేను. నిన్నటిదే చెబితే ఎవరికీ నష్టం లేదనుకున్నా."

"నేను తిండి మానేశాను, మేస్త్రీ."

"ఏంటి?"

"అంకె కదలటం లేదని."

తువ్వాలు మేస్త్రి ఒళ్ళోంచి జారి నేల మీద పడింది. "మరి ఆ గుడ్లు…" అని, ఆగి, "నీ గుడ్లు నేను తిన్నానురా," అన్నాడు. "రోజూ. ఉప్పెక్కువని వంక పెట్టి మరీ."

డబ్బాలో ఇంకో గుడ్డు మిగిలి ఉంది. ఆయన తడుముకుంటూ బల్ల దగ్గరికి వెళ్ళి, మూత తీసి, టన్ను చేతిలో పెట్టాడు. "నా ఎదురుగా తిను. నమిలే చప్పుడు నాకు వినపడాలి."

టన్ను చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్క ఇరవైసార్లు నమిలి తిన్నాడు. అరగంట పట్టింది. మేస్త్రి కదలకుండా కూర్చున్నాడు. అయ్యాక లేచి, మాసిన ఏప్రాన్ విప్పి మడతపెట్టి పెట్టె మీద ఉంచాడు.

"షాపు ఓనరు మేడంకి రేపు నువ్వే చెప్పు. నేను చెప్పలేను. కాటా మేస్త్రికి కళ్ళు లేవంటే ఇంకేముంది."

"దిగబెడతాను, ఉండండి."

"మా అమ్మాయి మలుపులో నిలబడి ఉంటుంది. నెలరోజులుగా అదే తీసుకెళ్తోంది. నువ్వు చూడలేదు."

చూడలేదు. రోజూ పొద్దున గోడకేసి చూస్తూ తన బరువు సంగతి తప్ప ఇంకేదీ చూడలేదు. మేస్త్రి తలుపు చెక్కని ఒకసారి నిమిరి, మెట్టు దిగాడు. మలుపులో ఒకామె ఎదురొచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుంది.

టన్ను దీపం ఆపబోయి కాటా దగ్గరికి వెళ్ళాడు. ఎప్పుడూ సున్నాకి వెళ్ళిపోయే గుండ్లు ఇవాళ వెళ్ళలేదు. వంగి చూశాడు. మరీ దగ్గరగా వంగి ఇంకోసారి చూశాడు. రాళ్ళు తీయబుద్ధి కాలేదు.

దీపం ఆపి, బయటికొచ్చి, చప్పుడు కాకుండా తలుపు మూశాడు. లోపల ఇత్తడి కడ్డీ అటూ ఇటూ ఒరగకుండా నిలిచి ఉంది. దాని మీద చిన్న గుండు, మేస్త్రి వేళ్ళు వదిలిన చోటే, సరిగ్గా ఒకటి మీద.