అడ్డు ఉంటే చెప్పండి

ఆ ప్రశ్న అడగడం ఆనవాయితీ. దానికి జవాబు చెప్పడం మాత్రం ఎవరికీ అలవాటు లేదు. సరస్సు ఒడ్డునున్న కబాలె కొండల్లో ఎవరికి పాదిరిగా గురుపట్టం ఇవ్వబోతున్నా, ముందుగా ఒక ఆదివారం వాళ్ళని సొంత గుడిలో అందరి ముందూ నిలబెట్టి, "ఈ మనిషికి పట్టం ఇవ్వకూడని కారణం మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి" అని అడుగుతారు. జనం గొంతులు సవరించుకుంటారు, చంటిపిల్లలు ఏడుస్తారు, అడిగినాయన పేజీ తిప్పేస్తాడు. అంతే.

ఫ్రిదా కూడా అంతే అనుకుంది. ఆ గుడిలో పట్టం అందుకోబోతున్న మొదటి ఆడమనిషి తనే. ఉపదేశిగా ఏళ్ళ తరబడి వాక్యం చెప్పింది, జబ్బుపడ్డవాళ్ళ ఇళ్ళకి బురదలో నడిచి వెళ్ళింది, చచ్చినవాళ్ళని సాగనంపింది. అయినా ఒక బిడ్డకి బాప్తిస్మం ఇవ్వాలంటే దిగువ ఊరి నుంచి పాదిరిగారు రావలసిందే. ఆయన మోటారుసైకిలు మొరాయిస్తే ఆ బిడ్డ ఇంకో నెల ఆగాల్సిందే. వచ్చే ఆదివారం గడిస్తే ఆ పని ఫ్రిదా చేతుల్లోకి వస్తుంది. దానికోసం ఆమె ఎంత కాచుకుని ఉందో ఆ గుడి బెంచీలని అడిగినా చెబుతాయి.

ముందు వరసలో అత్తగారు దొరోకాసి కూర్చుంది. తల్లుల సంఘానికి పెద్ద. "ఆడది బలిపీఠం దగ్గర నిలబడటమేమిటి" అని మగవాళ్ళు గొణిగినప్పుడు, "ప్రభువు లేచిన ఖాళీ సమాధిని మొదట చూసింది ఆడవాళ్ళా, మీ తాతలా?" అని నోళ్ళు మూయించిన మనిషి. కోడలికి తెల్ల అంగీ కుట్టింది కూడా ఆవిడే. మగవాళ్ళ వైపు, తలుపు పక్కన, ఫ్రిదా భర్త యోనాసాని కొత్త టోపీ ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు.

బిషప్ గారి తరఫున వచ్చిన ఆర్చ్‌డీకన్ ప్రశ్న చదివాడు. పేజీ తిప్పబోయాడు.

దొరోకాసి లేచి నిలబడింది.

దీవించడానికి లేచిందనుకుని ఫ్రిదా నవ్వింది కూడా.

"అయ్యా, నాకు తెలుసు," అంది దొరోకాసి. "వెలుగులో నడుస్తున్నామని చెప్పుకునే మనుషులం. మీరు అడిగాక నోరు మూసుకుని కూర్చోవడం నా వల్ల కాలేదు."

చేసిన పాపం చెబితే పోతుందంటారు. ఆ కొండల్లో అది ఉత్త సామెత కాదు, బతికే పద్ధతి. మేకని దొంగిలించినవాడైనా, పొరుగింటి మీద చాడీలు చెప్పినదైనా నలుగురిలో లేచి ఒప్పుకుంటారు. అన్యాయం జరిగినవాళ్ళే స్తుతి పాట ఎత్తుకుంటారు, అందరూ వచ్చి కౌగిలించుకుంటారు. అందుకే జనం పెద్దగా కంగారుపడలేదు. ముసలావిడ ఎవరినో తిట్టుంటుంది, చెప్పేసి కూర్చుంటుందిలే అనుకున్నారు.

"మా యోనాసానికి సరస్సు అవతల ఇంకో ఇల్లుంది," అంది దొరోకాసి. "ఆ ఇంటికి పిల్లని చూసిపెట్టింది నేను. పిల్ల పుట్టింటివాళ్ళకి ఓలిగా మేకలు తోలిచ్చింది నేను. కోడలికి మూడోసారి కూడా ఆడపిల్లే పుట్టేసరికి నా బుద్ధి గడ్డి తింది. అక్కడ మగపిల్లాడు పుట్టాడు. ఇప్పుడు నడుస్తున్నాడు. రెండు పొయ్యిలున్న ఇంటికి పట్టం ఇవ్వరని నాకు తెలుసయ్యా. రెండో పొయ్యి నేనే వెలిగించాను."

ఫ్రిదా కొయ్యబారిపోయింది. నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది, దాన్ని తీసెయ్యడం కూడా తోచలేదు. యోనాసాని వైపు చూసింది. అబద్ధమని ఒక్క మాట అంటాడేమోనని చూసింది. ఆ పెద్దమనిషి టోపీ లోపల ఏదో రాసున్నట్టు దానిలోకే చూస్తున్నాడు. అప్పుడు నమ్మింది. మొగుడు మోసం చేశాడంటే ఏ ఆడదైనా ఏదో ఒక రోజు నమ్ముతుంది. కానీ రోజూ పొద్దున్నే తన చెయ్యి పట్టుకుని మోకాళ్ళ మీద ప్రార్థన చేసిన అత్తగారు?

"ప్రతి గురువారం ప్రార్థన కూటమని పడవెక్కేవారు కదా," అంది అత్తగారితో. "అంబలి కుండ పట్టుకుని."

"అవునమ్మా."

"ఆ అంబలి ఎవరికి?"

దొరోకాసి తల దించుకుంది. "బాలింతకి. పాలు పడాలని."

జొన్నలు మొలకెత్తించింది ఫ్రిదా. ఎండబెట్టి, విసిరి, కాచి, పులియబెట్టింది ఫ్రిదా. కూటంలో ముసలమ్మలు ఉంటారు పాపం అని ఒక గరిటె ఎక్కువే పోసిచ్చింది. ఆ గరిటె గుర్తొచ్చి ఆమెకి ఒళ్ళు మండిపోయింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది, రెండూ మింగేసింది.

గుడిలో గుసగుసలు లేచాయి.

"ముసల్దానికి నిజం ఇవాళే గుర్తు రావాలా?"

"పాట ఎత్తుకోవేం ఫ్రిదా? క్షమించలేనిదానికి పట్టం ఎందుకే?"

"ఆడదాన్ని అక్కడ నిలబెడితే ఇదే గతి."

ఆర్చ్‌డీకన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చెడ్డవాడు కాదు, పిరికివాడు. "అమ్మా ఫ్రిదా, నిబంధన నిబంధనే కదా. బిషప్ గారికి నేనేం చెప్పను? ఒక ఏడాది ఆగితే..."

"అయ్యగారూ, మీరు అడిగింది నా గురించేనా, మా ఆయన గురించా?"

"నీ గురించే."

"అయితే నాకు మొగుడు ఒక్కడేనయ్యా. రెండో ఇల్లు పెట్టినాయన మిమ్మల్ని పట్టం అడగలేదు."

ఆడవాళ్ళ వైపు ఎవరో కిసుక్కున నవ్వి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఫ్రిదా నవ్వలేదు. అత్తగారి వైపు తిరిగింది.

"అత్తమ్మా, ఒకే కప్పు కింద ఉన్నాం. నా తప్పేమిటో మీరే చెప్పండి. ఉన్నదేదో ఇప్పుడే చెప్పేయండి."

దొరోకాసి కళ్ళు తుడుచుకుంది. "నీలో ఏమీ లేదు తల్లీ. తప్పంతా మాదే."

"ఇంకెవరికైనా తెలుసా?" అని ఫ్రిదా జనాన్ని అడిగింది. మగవాళ్ళ వైపు ఒకాయన దగ్గబోయాడు. అవతలి వైపు నుంచి పెళ్ళాం చూసిన చూపుకి ఆ దగ్గు గొంతులోనే ఆగిపోయింది.

ఆర్చ్‌డీకన్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "అడిగాను," అన్నాడు చివరికి. "ఈమెలో తప్పుందని ఎవరూ చెప్పలేదు. బిషప్ గారి దగ్గర ఈ మాట మీదే నిలబడతాను." పేజీ తిప్పాడు.

దొరోకాసి ఇంకా నిలబడే ఉంది, చేతులు కొంచెం చాచి. ఆ గుడిలో ఒప్పుకోలు తర్వాత పాట రాకుండా ఉన్న రోజు ఎవరికీ గుర్తు లేదు.

"పాట, తల్లీ," అంది సన్నగా.

"రాదు అత్తమ్మా. ఎప్పటికీ రాదని అనను, ఇవాళ రాదు. మనసులో లేని పాట పాడి దాన్ని వెలుగు అనలేను."

అప్పుడు తలుపు వైపు చూసింది. యోనాసాని లేడు. ఎప్పుడు జారుకున్నాడో, బెంచీ మీద టోపీ మాత్రం ఉంది. ఫ్రిదా రెండు వరసల మధ్య నడిచి వెళ్ళి దాన్ని తీసుకుంది. తిరిగి వచ్చి అత్తగారి చాచిన చేతుల్లో పెట్టింది.

"ఇది ఆ ఇంటికి చేర్చండి," అంది. "దారి మీకు తెలుసు."