జాబితాలో రెండో మైకు

రెండో మైకే, ఇంకా రెండోదే సరైనదనుకుంటోంది పిచ్చిమొహంది, నేను రాసిన సాఫ్ట్‌వేరే, తగిలించిన మైకుల్లో దేంతో రికార్డు చేయాలో ఎంచుకునే భాగమంతా నా చేతిదే, అయినా అక్కడ కాలరుకి మైకు పెట్టుకుని, కొనడానికొచ్చిన పెద్దమనుషుల ముందు ఇదంతా నా ఆలోచనేనండీ అని చెప్పేస్తున్నాడు మా టీమ్ లీడరు, వెనకాల మేమందరం మైకాసురుడనే అంటాం, ఎదురుగా మాత్రం అన్నయ్యా, ఛీ, ఈ నోటితోనే పిలిచాను.

చెప్పు, బాగా చెప్పు, ఆ కాలరు మైకు నుంచి నీ మాట ఒక్కటీ రికార్డు కావడం లేదు, మైకుని జాబితాలో ఎన్నోదో దాన్నిబట్టి గుర్తుపెట్టుకోకూడదు, కొత్తది తగిలిస్తే వరస మారిపోతుంది, దేని గుర్తింపు దానికి ఉంటుంది, దాన్ని పట్టుకోవాలి అని ఎంత మొత్తుకున్నాను, దానికింత రాద్ధాంతమెందుకు చెల్లెమ్మా అని నవ్వుతూ ఆ భాగం తీసి పారేశాడు, మిగిలినదానికి తన పేరు తగిలించుకున్నాడు, పొద్దున కాలరు మైకే రెండోది, ఇక్కడికి రాలేకపోయిన ఒకాయనకి వీడియోలో చూపించడానికని ఇందాక నా ముందున్న కంప్యూటరు తెర మీద కెమెరా బిగించారు, దాని మైకు రెండో చోట్లో కూర్చుంది, కాలరుది మూడోదానికి జారింది, కళ్లారా చూశాను, నోరు మెదపలేదు, అనుభవించనీ, అందరి ముందూ పరువు మట్టిలో కలవనీ, అమ్మ నవ్వేది, ఇంట్లో ఒక్కో మైకూ పరీక్షిస్తూ నాలో నేను వీణ్ణి తిట్టుకుంటుంటే, ఆ మైకుతో చెప్పేదేదో ఆ మనిషితోనే చెప్పొచ్చు కదే అనేది, ఎక్కడమ్మా, పొద్దస్తమానం మైకులతోనే గొణుగుతూ గొణుగుతూ అదే అలవాటైపోయింది, పెదవులు వాటంతటవే కదులుతాయి.

ఇప్పుడు వినిపించు చెల్లెమ్మా, అంటున్నాడు, అందరూ నా వైపు తిరిగారు, రికార్డింగ్ ఆపాను, వస్తుందిలే నీ గొంతు, ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు, అనుకుంటూ తెర మీద శబ్దాన్ని చూపించే గీత చూశాను, అదేంటి, అంత ఎత్తుగా లేచిందేంటి, ఇది దూరంగా నిలబడ్డవాడి గొంతు కాదు, మైకుకి ఆనుకుని మాట్లాడిన గొంతు, కెమెరా ఎక్కడుంది, నా మొహం ముందే, ఓరి నాయనో, ఇంతసేపూ నేనేం గొణిగాను, ఇది నాదిరా దొంగా, నేను రాశాను, నా పేరు చెప్పు, ఒక్కసారి చెప్పి చావు, ఇదేగా గొణిగింది.

చెరిపేయొచ్చు, ఒక్క మీట, ఏదో తేడా వచ్చిందండీ అంటే సరిపోతుంది, ఉద్యోగం మిగులుతుంది, ఏమైంది చెల్లెమ్మా, అతని గొంతు సన్నబడింది, మొహాన చెమట, ఇది చూడాలనే కదా కాచుకుని కూర్చున్నాను, కానీ ఇంత చూసినా కడుపు నిండలేదే, వీడు పరువు పోగొట్టుకున్నా నా పేరు చెప్పడు, జన్మలో చెప్పడు, ఈ గదిలో ఇది నాదని చెప్పే నోరు నాదొక్కటే, అది చెప్పనే చెప్పింది, అరిచినంత స్పష్టంగా రికార్డయి ఉంది, సౌండు పూర్తిగా పెంచి, చెరిపేది కాదు, వినిపించే మీట నొక్కాను.