చక్రం వెనక రాయి

ఆ రాయికి వేరే పేరు లేదు. రాయి అంటే అదేనని ఇంట్లో అందరికీ తెలుసు. నల్లగా, ముక్కోణంగా, ఒక అంచు అరిగి నున్నగా ఉండేది. ఎక్కడో రోడ్డు వేస్తుంటే ప్రహ్లాద్ ఏరి తెచ్చి కారులో పడేశాడు. అప్పటి నుంచి అది ఆయన భార్య విద్యావతి కాళ్ల దగ్గరే ఉంది. కారులో ఎవరు ఎక్కడ కూర్చున్నా సరే, వెనక సీటులో ఎడమ తలుపు పక్కన విద్యావతి, ఆమె పాదాల మధ్య రాయి.

కారు మామగారిది. ఆయన పోయి ఎన్నేళ్లయినా దాన్ని అందరూ నాయిన బండి అనే అంటారు. ఇంజను మంచిదే. హ్యాండ్‌బ్రేకు మాత్రం విద్యావతి కాపురానికి వచ్చిన మరుసటి ఏడే చచ్చిపోయింది. లాగితే వదులుగా పైకి లేస్తుంది, దేన్నీ పట్టుకోదు. ఎత్తు మీద ఆగిందంటే, మళ్లీ ముందుకు కదిలేలోపు బండి వెనక్కి జారుతుంది. అందుకని ఆగగానే విద్యావతి దిగాలి. ఒక చేత్తో కుచ్చిళ్లు పట్టుకుని, ఒక చేత్తో రాయి మోసుకుపోయి వెనక చక్రం కింద ఇరికించి, "అయింది" అని అరవాలి. బండి ఎత్తు ఎక్కాక రాయి తీసుకుని పరుగెత్తి ఎక్కాలి. వాన పడుతున్నా, కూతురు రచన కడుపులో ఉన్నా ఇదే పని.

ఒకసారి ఆమె "అయింది" అనకముందే ప్రహ్లాద్ బ్రేకు మీద నుంచి కాలు తీశాడు. కుడి చేతి ఉంగరం వేలి గోరు ఊడి వచ్చింది. తర్వాత మొలిచిన గోరు నిలువునా చీలి మొలిచింది, ఇప్పటికీ అలాగే ఉంది. "చెయ్యి గంత లోపలికెందుకు పెట్టినవ్?" అన్నాడాయన ఆ రోజు.

బండి షెడ్డుకు వెళ్లినప్పుడల్లా మెకానిక్ అంజి అడుగుతాడు. "అన్నా, హ్యాండ్‌బ్రేకు గూడ జేసేద్దునా? ఒక్క పూట పని."

"ఉండనీ తియ్. నడుస్తున్నది గద" అంటాడు ప్రహ్లాద్.

నడుస్తున్నది ఎవరి చేతుల మీదనో అంజి అడగలేదు. విద్యావతీ అడగలేదు. నోట్లో నాలుక లేని మనిషని చుట్టాల్లో ఆమెకు మంచి పేరు.

ఆ ఆదివారం బర్కత్‌పుర నుంచి మరిది సుమంత్, అతని భార్య మనీష, ఏడాది పిల్లవాడితో కలిసి ప్రహ్లాద్ వాళ్ల అశోక్ నగర్ ఇంటికి వచ్చారు. పిల్లవాడి పుట్టువెంట్రుకలు శ్రీశైలంలో తీయించాలని అత్తమ్మ యశోదమ్మ మొక్కు. కొత్తగా కేబుల్ పెట్టించిన టీవీ గొంతు తగ్గించి, నాయిన బండిలో పోవాలా వద్దా అని హాల్లో మాట్లాడుకుంటున్నారు.

"ఘాటు రోడ్డు అన్నా. ఎందుకు పరేషాన్, జీపు కిరాయికి మాట్లాడుదాం" అన్నాడు సుమంత్.

"నాయిన బండి ఉండంగ కిరాయి బండా? ఏంది, నీకు బండి మీద నమ్మకం లేదా, నా మీద లేదా?"

"రెండిటి మీద ఉన్నది. హ్యాండ్‌బ్రేకు మీదనే లేదు."

అందరూ నవ్వారు. యశోదమ్మ నవ్వలేదు. "మనుమడు తాత బండిలనే పోవాలె. గప్పుడే ఆయన ఆత్మకు నిమ్మళం" అని తీర్పు చెప్పింది. తర్వాత సీట్ల సంగతి ఎత్తింది. "ముందల మీరిద్దరు. ఎన్క నేను, మనీష, పిలగాడు, రచన. ఇరుకైతది. విద్యా, నువ్వు ఇంటి కాడుండరాదు బిడ్డా? ఎప్పుడన్న బస్సుల పోయొద్దువు."

టీ కప్పులు అందిస్తున్న విద్యావతి తలూపింది. అలాంటి మాటలు ఆమెకు కొత్త కాదు.

"మరి వదినె రాకుంటే రాయి ఎవరు పెడ్తరు?" అన్నాడు సుమంత్.

"రచన లేదా?" అన్నాడు ప్రహ్లాద్. "పదమూడేండ్లొచ్చినయ్. చిన్న చేతులు, చటుక్కున పెట్టి చటుక్కున తీస్తది. నేర్చుకోవాలె గద."

పిల్లవాణ్ణి ఆడిస్తున్న రచన సంబరంగా తలెత్తింది. "నేను పెడ్త డాడీ!"

విద్యావతి ట్రే కింద పెట్టేసింది. తనను ఇంట్లో వదిలేసి పోతామన్నప్పుడు రాని కోపం అరికాలి నుంచి నెత్తికెక్కింది. కూతురి వేళ్లకేసి చూసింది. నిన్ననే గోరింటాకు పెట్టుకున్న వేళ్లు.

ప్రహ్లాద్ నీళ్లకని వంటింట్లోకి వస్తే దారికి అడ్డంగా నిలబడింది. "దానితోని రాయి పెట్టిస్తే నేనూకోను."

"గింత దానికి గంత కోపమేంది? ఇన్నేండ్లు నువ్వు పెట్టలే? ఏమైంది?"

ఆమె వేలు చూపించింది.

"గది ఎప్పటిదో. ఘాటుల నేను బండి ఆపనే ఆపను, సరేనా?"

"ఆపకుంటే రాయెందుకు?"

ఆయన చెంబెడు నీళ్లు తాగి హాల్లోకి పోయి గట్టిగా అన్నాడు. "రేపు సుల్తాన్ బజార్ పోయొద్దాం. పిలగానికి బట్టలు గొన్నట్టుంటది, బండి ట్రయల్ చూసినట్టుంటది. రచనకు గూడ రాయి పెట్టుడు వస్తది."

మర్నాడు బజారు పని ముగించుకుని నారాయణగూడ మీదుగా తిరిగి వస్తున్నారు. ముందు సీటులో ప్రహ్లాద్ పక్కన యశోదమ్మ. వెనక రచన, విద్యావతి. పొద్దుగూకుతోంది. చిక్కడపల్లి సందులోంచి పెద్ద రోడ్డు ఎక్కే చోట నిటారుగా ఎత్తు ఉంటుంది. బస్సు అడ్డం రావడంతో ప్రహ్లాద్ సరిగ్గా అక్కడే ఆపాడు. వెనకే ఒక ఆటో వచ్చి ముక్కు ఆనించినంత దగ్గరగా ఆగింది.

"రచనా, దిగు. నేను జెప్పినట్టు పెట్టు."

రచన రాయి కోసం వంగింది. విద్యావతి రాయి మీద కాలు వేసి తొక్కిపట్టింది.

"కూసో."

"నాకొస్తది అమ్మా."

"కూసో అన్న!"

"మరి నువ్వన్న దిగు" అన్నాడు ప్రహ్లాద్ విసుగ్గా.

"దిగ."

ఆయన మెడ తిప్పాడు. కాలు తిప్పలేడు, అది బ్రేకు మీద ఉంది. "ఏమన్నవ్?"

"దిగనన్న. నేను దిగ, నా బిడ్డ దిగదు. మీ నాయిన బండి, మీరే దిగుండ్రి."

"నేనెట్ల దిగుత? కాలు తీస్తే బండి ఎన్కకు పోతది!"

"ఎరుకే. ఇన్నేండ్ల సంది ఎరుకే."

వెనక హారన్లు మొదలయ్యాయి. ఆటో అతను తల బయటపెట్టాడు. "ఓ సారూ, ఏంది, నడి రోడ్డు మీద కొలువు దీరిండ్రా?"

సందు మూల మీద పట్టా పరుచుకుని మల్లెపూలమ్మే కమలవ్వ ఏళ్ల తరబడి ఈ వేడుక చూస్తున్న మనిషి. "ఏమమ్మా, ఇయ్యాల రాయి దేలేదా?" అని కేకేసింది.

"రాయున్నదవ్వా. పెట్టేటోళ్లే లేరు."

"విద్యా, అందరు జూస్తున్నరు" అంది యశోదమ్మ గొంతు తగ్గించి. "ఇంటి పరువు. దిగు బిడ్డా."

"చూడనీ అత్తమ్మా. రాయి పట్టుకోని నేను రోడ్డెంబడి ఉరికినప్పుడు గూడ చూసిండ్రు. అప్పుడు పోలేదా పరువు? పోనీ, మీరు దిగి పెట్టుండ్రి."

యశోదమ్మ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఎదురుగా చూస్తూ ఉండిపోయింది.

విద్యావతి ముందు సీటు మీదుగా చెయ్యి చాచి, చీలిన గోరు మొగుడి కళ్ల ముందు పెట్టింది. "గీ సందులనే నా గోరు పోయింది. గక్కడ ఘాటుల నా బిడ్డకేం పోతదో చెప్పుండ్రి. గోరు పోతదా, చెయ్యి పోతదా, మనిషే పోతదా? చెప్పుండ్రి, పంపిస్త."

అంతసేపూ బ్రేకు తొక్కిపట్టిన ప్రహ్లాద్ కాలికి తిమ్మిరెక్కింది. రచన తల్లి చేతిని, ఆ గోరును మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

చివరికి ఆయన కిటికీలోంచి తల బయటపెట్టాడు. "అన్నా... జర ఎన్కకు పో అన్నా."

"ముందలికి పోరాదు? బండి నడపనీకె రాకుంటే ఇంట్ల పండాలె!" అని తిట్టుకుంటూనే ఆటో అతను వెనక్కి జరిగాడు. అతని వెనకున్న స్కూటర్లూ జరిగాయి. నాయిన బండి అందరి ఎదుటా వెనకవెనక్కి జారి, సందు కింద చదును నేల మీద ఆగింది.

విద్యావతి తలుపు తీసి రెండు చేతులా రాయి ఎత్తుకుని దిగింది.

"హమ్మయ్య" అన్నాడు ప్రహ్లాద్. "ఇప్పుడన్న తెలివొచ్చింది. నువ్వు నడిచి మీదికి పో, బండి మల్ల ఎక్కిస్త."

ఆమె ఎత్తు ఎక్కి నేరుగా కమలవ్వ దగ్గరికి వెళ్లింది. "అవ్వా, నీ పట్టా గాలికి లేస్తున్నది గద. దీన్ని పెట్టుకో."

"మరి మీకు?"

"మాకక్కెర లేదు." పట్టా అంచు మీద రాయి దించి చేతులు దులుపుకుంది.

"విద్యా! రాయి లేకుంటే శ్రీశైలం ఎట్ల పోవాలె?" కింది నుంచి ప్రహ్లాద్ అరిచాడు.

"జీపుల పోండ్రి. లేకుంటే అంజి తాన బ్రేకు జేపిచ్చుకోని పోండ్రి. గీ రాయితోని మాత్రం నా బిడ్డ పోదు." సందంతా వినిపించేలా చెప్పింది. అంత గొంతు తనకు ఉందని ఆమెకే తెలియదు. "రచనా, దిగి రా. నడుద్దాం."

రచన పరుగెత్తుకుంటూ వచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది. ఇంటి వైపు నాలుగు అడుగులు వేశాక మెల్లగా అడిగింది. "కోపం పోయిందా అమ్మా?"

"లేదు. ఇంక చానా ఉన్నది."

మలుపు తిరిగే ముందు రచన వెనక్కి చూసింది. సందు అడుగున, కారు వెనక గోడ మీద బ్రేకు లైట్ల ఎర్రటి వెలుగు పడుతోంది. చదును నేల మీద కూడా ప్రహ్లాద్ బ్రేకు మీద నుంచి కాలు తీయలేదు.