ఒక్క చదరం

చిప్ గోరంత ఉంటుంది. దాని బొమ్మను మేం కంప్యూటర్‌లో పొరలు పొరలుగా గీస్తాం. ఒక పొర మీద తీగలు, ఇంకో పొర మీద పై తీగను కింది తీగతో కలిపే కన్నాలు. కన్నమంటే తెర మీద చిన్న పసుపు చదరం. దూరం నుంచి చూస్తే ఆవాలు ఒలకబోసినట్టు ఉంటాయి.

ఆ పొద్దున ఫ్యాక్టరీ నుంచి కబురొచ్చింది. కన్నాల సైజు చాలదు, ఒక్కోదాన్ని రవ్వంత పెంచాలి. సాయంత్రంలోగా బొమ్మ పంపకపోతే ఫ్యాక్టరీలో మా వంతు ఇంకొకరికి పోతుంది. నాతోపాటే పనిచేసే మా వదినకు అది మొదటి చిప్. వంతు పోతే ఈ పనే మూసేస్తామని పైవాళ్ళు ముందే చెప్పారు.

"చేత్తో పెంచుతూ పోదామా?" అన్నాను.

"మొదలుపెట్టు. నీ మనవడు ముగిస్తాడు," అని వదిన కంప్యూటర్ చేతే ఆ పని చేయించే చిన్న స్క్రిప్ట్ రాసింది. ఈ పొర మీది ఆకారాలు ఒక్కొక్కటే అందివ్వు, అందినదాన్ని పెంచు. అంతే.

నడిపితే వెంటనే ఆగింది. పెంచినవి సున్నా. పొర మీద ఒక్క ఆకారమూ లేదట.

"ఏంటొదినా, కళ్ళెదుట కుప్పలు పోసి ఉంటే లేవంటుంది? ఇదేమన్నా గుడ్డిదా?"

"ఉండవయ్యా కాసేపు." గోరు కొరుక్కుంటూ చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా నవ్వింది. "దానిది తప్పు కాదు. నేను అన్నిటికన్నా పై బొమ్మను మాత్రమే అడిగాను. అందులో నిజంగానే లేవు."

తెరిచి చూపించింది. పై బొమ్మలో 'ఫలానా బొమ్మను ఇక్కడ పెట్టు' అన్న మాటలే ఉన్నాయి. ఆ ఫలానా బొమ్మలోకి దిగితే అక్కడా అవే మాటలు. దిగుతూ పోయాం. అట్టడుగున, పని మొదట్లో నేను గీసిన చిన్న బొమ్మ. నన్ను ఉడికించడానికి వదిన దానికి పొట్టోడు అని పేరు పెట్టింది. అందులో ఒక చదరం. ఒక్కటంటే ఒక్కటి.

తెర మీది చదరాలన్నీ ఈ ఒక్కటే, మళ్ళీ మళ్ళీ. చేను చేనంతా ఒకే మొక్క, ఎటు చూసినా అదే.

"దీన్ని మారిస్తే?"

"అన్నీ మారతాయి. తప్పుగా మారిస్తే అన్నీ తప్పే." ఆమె వేలు మీట మీద ఆగిపోయింది. "చుట్టూ చోటుందంటావా?"

"ఉంది."

"మీ అన్నయ్య కూడా ఇలాగే ఉంది ఉందంటారు, తర్వాత నాలిక్కరుచుకుంటారు."

"కొలిచాను వదినా. ఉంది."

నొక్కింది. తెర మీది చదరాలన్నీ ఒక్కసారే ఊపిరి పీల్చుకున్నట్టు పొంగి, నిలిచిపోయాయి. చప్పుడు లేదు. పెద్ద గుంపు ఒక్క తలలా తిరిగినప్పుడు ఉండే నిశ్శబ్దం. తప్పులు వెతికే ప్రోగ్రాం చిప్ అంతా తిరిగొచ్చి ఏమీ లేవంది. వదిన కళ్ళు తుడుచుకుని ఫైల్ పంపేసింది. కిటికీలో ఇంకా ఎండ ఉంది.

ఆమె బ్యాగ్ భుజాన వేసుకుని, "వస్తావా, ఇక్కడే కాపురం పెడతావా?" అంది.

నేను తెర మీద ఆ చదరంలోంచి ఒక్కో మెట్టే పైకి వస్తున్నాను. ఒకటి వరుసయింది. వరుస మడి అయింది. మడి తెర పట్టనంత అయింది.

"ఇంకొక్కసారి చూసి వస్తా," అన్నాను.

ఆమె బ్యాగ్ దించి, కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది.