వెనక ఆగినవాడు

"యుద్ధం ఓడిపోయాక పేరెందుకురా?" అన్నాడు ప్రెసిడెంటు చెన్నకేశవులు.

పంచాయతీ ఆఫీసు వరండాలో అతని ఎదురుగా లాన్స్ నాయక్ శౌరి నిలబడి ఉన్నాడు. శ్రీలంక నుంచి సెలవు మీద ఆ ఉదయమే మాచర్ల బస్సు దిగాడు. వచ్చింది ఒక్క పని మీద. తనతోపాటే పట్టాళంలో చేరి, లంక అడవుల్లో ప్రాణం వదిలిన జిలానీ పేరు కొత్త బస్ షెల్టర్ మీద రాయిస్తామని, చావు కబురు వచ్చిన రోజున ఇదే ప్రెసిడెంటు మైకులో మాటిచ్చాడు. తర్వాత మన సైన్యం తిరిగి వచ్చేస్తోందని పేపర్లలో పడింది. సైన్యంతోపాటే ఆ మాటా వెనక్కి మళ్ళింది.

"గెలిచి చచ్చిపోతే అదో అందం. ఇప్పుడు రాయిస్తే అవతలి పార్టీవాళ్ళు ఓడిపోయినోళ్ళ షెల్టరని పేరు పెడతారు. ఎలక్షన్లున్నయ్ శౌరీ."

"ఓడింది నిజమే ప్రెసిడెంటుగారూ. అడవిలో ఒక స్థావరం పట్టుకోమన్నారు, పట్టుకోలేకపోయాం. ఎనక్కి తిరిగాం. ఎట్టా తిరిగామో కూడా ఇనండి."

"ఎట్టా తిరిగితే ఏంది? అప్పుడు జిలానీ ఎక్కడున్నాడు?"

"అందరికన్నా ఎనక."

ప్రెసిడెంటు మొహం వెలిగింది. చుట్టూ కూర్చున్న తన మనుషుల వంక తిరిగాడు. ఆ వరండాలో మగతనానికి కొలత ఒకటే: ముందు నడిచాడా, వెనక నక్కాడా.

"విన్నారుగా. నేనంటే తప్పు. తోటి సిపాయే చెబుతున్నాడు."

శౌరికి ఒళ్ళు మండింది. ఈ మాట పొద్దుగూకేలోగా జిలానీ తల్లి హజ్రా బీ వాకిట్లోకి పోతుంది. కొడుకు పిరికివాడని ఆమె వినాలా?

"ఎనక్కి వచ్చేటప్పుడు తరిమేవాడు ఎటుంటాడండీ?" నెమ్మదిగా అడిగాడు. "ఎనకే గదా. దెబ్బలు తగిలినోళ్ళని ముందు పంపిస్తారు. ఆఖర్న ఒకడు మిషన్‌గన్‌తో ఆగి మిగతావాళ్ళని దాటిస్తాడు. నేనాగుతానన్నాడు జిలానీ. ఎవరూ చెప్పలా. నేను ముందున్నా. అందుకే ఇక్కడ నిలబడున్నా."

మూల నుంచి ప్రెసిడెంటు వర్గంలో ముసలి కాపు వెంకట్రామయ్య కుంటికాలు ఈడ్చుకుంటూ లేచాడు.

"ఒరేయ్ శౌరీ, అయితే ఎనకున్నోడు మొనగాడా?"

"పారిపోయి వచ్చేటప్పుడైతే అంతే బాబాయ్."

"పోయినేడు చెరువు చేపల గొడవలో పక్కూరి మీదికి పోయాం గదా. వాళ్ళు తిరగబడితే అందరం లగెత్తాం. ఆఖర్న ఉండింది నేనే, కాలిరిగిందీ నాకే." చుట్టూ ఉన్నవాళ్ళ వంక తిరిగాడు. "మరి అందరికన్నా ముందు ఊళ్ళోకొచ్చి తలుపేసుకుంది ఎవరబ్బా?"

చూపులన్నీ ఒకే కుర్చీ మీదికి పోయాయి. ఆ దాడిలో తానే ముందున్నానని చెన్నకేశవులు ఏడాదిగా చెప్పుకుంటున్నాడు. అందులో అబద్ధం లేదు. పోయేటప్పుడా, వచ్చేటప్పుడా అని ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు, అంతే.

"ఇంకా మనుషుల్ని పోగేద్దామని ముందొచ్చానయ్యా."

"పోగేశావులే అల్లుడూ, మంచం కింద," అన్నాడు వెంకట్రామయ్య.

వరండా గొల్లుమంది. చెన్నకేశవులు ఇంకో ప్రశ్న పడేదాకా ఆగే మనిషి కాదు. గొంతు సవరించుకున్నాడు.

"పెయింటర్ని పిలవండి. జిలానీ పేరు పెద్దక్షరాలతో రాయించండి. గెలుపోటములు మనకెందుకు, మనిషి ఎట్టా నిలబడ్డాడో చూడాలి గానీ. నేను మొదట్నుంచీ అదే చెబుతున్నా."

శౌరి జిలానీ ఇంటికి వెళ్ళేసరికి కబురు అతనికన్నా ముందే చేరింది. హజ్రా బీ చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు.

"పేరు రాస్తారంట పిన్నమ్మా."

"ఇన్నాలే. నువ్వు ముందున్నావంట."

శౌరి తలూపాడు.

"తిరిగి చూశావా?"

"రెండుసార్లు చూశా. మొదటిసారి పొమ్మని చెయ్యూపాడు."

"రెండోసారి?"

"తిట్టాడు."

"ఏమని?"

శౌరి నసుగుతూ చెప్పాడు. ఆడవాళ్ళ ముందు అనగూడని మాట. హజ్రా బీ చేతులు ఆగిపోయాయి.

"వాడే," అంది. "అంత తిట్టినాక పోక ఏం చేస్తావు? కూర్చో."