పేరు మారిన పరీక్ష

బర్ దుబాయ్‌లోని ఒక బ్రిటిష్ స్కూల్లో ఉమామహేశ్వరి పద్దెనిమిదేళ్లుగా పరీక్షల గుమాస్తా. ఐజీసీఎస్ఈ అనే పేరు విని కంగారుపడే తల్లిదండ్రులకు సర్దిచెప్పేది ఆవిడే.

"పూర్వం స్కూల్ సర్టిఫికెట్ అనేవారండి. తర్వాత ఓ లెవెల్ అన్నారు. ఎనభై ఎనిమిది నుంచి ఇంగ్లండులో జీసీఎస్ఈ అయ్యింది, బయటి దేశాలకి దాని ముందు ఒక ఐ తగిలించారు. ఇప్పుడు ఏ, బీల బదులు తొమ్మిది, ఎనిమిది అంకెలిస్తన్నారు. పదో తరగతి లాంటిదేనండి, భయపడకండి."

ఆవిడ చదువు కూడా అదే. కాకినాడ నుంచి వచ్చి దుబాయ్‌లోనే డేరా అనే పేటలో పనిచేసిన తండ్రి, 1985లో ఆమె చేత ఓ లెవెల్ రాయించాడు. మరుసటి ఏడే ఆయన పోవడంతో చదువు అక్కడితో ఆగిపోయింది.

2022 జనవరిలో స్కూలు చేతులు మారింది. కొత్త యాజమాన్యం అందరి సర్టిఫికెట్లూ ఆన్‌లైన్లో పెట్టమంది; ఇంగ్లిషు, లెక్కల్లో కనీసం జీసీఎస్ఈ పాసవ్వనివాళ్లకు ఉద్యోగం ఉండదంది. ఆ పని చూసే శ్యాంప్రసాద్‌ది కరీంనగర్.

"మేడమ్, లిస్టుల ఓ లెవెల్ లేదు."

"జీసీఎస్ఈ అని వేసెయ్యి బాబూ. దాని పాత పేరే కదా."

"కాగితం మీద ఆ పేరు లేదు గద మేడమ్. రేపు నన్ను అడుగుతరు."

ఆవిడ లండన్‌కు రాసింది. పరీక్ష పెట్టిన బోర్డు మరో బోర్డులో కలిసిపోయి ఏళ్లయింది. ఏడు వారాలకు జవాబొచ్చింది: మార్కులు నిజమే, అది జీసీఎస్ఈతో సమానమో కాదో ఉద్యోగమిచ్చినవారే తేల్చుకోవాలి. ఆ ఉత్తరం పట్టుకుని కొత్త ప్రిన్సిపాల్ దగ్గరకు వెళ్లింది. ఆయన నవ్వి, తన తల్లి కూడా ఓ లెవెలే రాసిందన్నాడు. సమానమని బోర్డే రాసివ్వాలన్నాడు.

"పరీక్షే మళ్లీ రాస్తాను," అంది బయటికొచ్చి.

శ్యాంప్రసాద్ ఆవిడ ఫైలు పక్కన పెట్టాడు. "రాయుండ్రి. ఆగస్టు దాంక నేను ఆపుత."

యాభై మూడేళ్ల వయసులో ఇంకో స్కూల్లో ప్రైవేటుగా ఇంగ్లిషుకూ, లెక్కలకూ కట్టింది. తెల్లవారుజామున లేచి లెక్కలు చేసుకునేది. మే నెలలో పదహారేళ్ల పిల్లల మధ్య కూర్చుంది. పర్యవేక్షకురాలు ఎవరి తల్లో అనుకుని బయట వేచి ఉండమంది. ఆవిడ హాల్ టికెట్ చూపించింది. లెక్కల్లో గ్రాఫులు అర్థం కాలేదు. పక్క పిల్ల చకచకా కాలిక్యులేటర్ నొక్కుతోంది. ఆఖరి రెండు పేజీలూ తెల్లగానే మిగిలాయి.

ఆగస్టులో ఫలితాలొచ్చాయి. ఇంగ్లిషులో ఏడు. లెక్కల్లో మూడు. పాసవ్వాలంటే నాలుగు రావాలి.

శ్యాంప్రసాద్ కంప్యూటర్ తెర ఆవిడ వైపు తిప్పాడు. "ఖలాస్ మేడమ్. ఇగ నా చేతుల ఏం లేదు."

"నీ తప్పేముంది బాబూ."

ఉద్యోగంతో పాటే పోయే వీసా రద్దు కాగితం అతను ముందుకు జరిపాడు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని మొదటి వరుస నుంచి చివరి దాకా చదివింది. తన పేరులో ఒక అక్షరం తప్పు పడింది. దాన్ని దిద్ది, పక్కన పొట్టి సంతకం చేసి, కింద పూర్తి సంతకం పెట్టింది.